మాడిన నూనెలో సబ్బు

పండగనాడు గారెలు, అరిసెలు వేయడం అయ్యాక బాణలిలో అడుగున నల్లగా మిగిలే నూనెను మీరు చూసే ఉంటారు. కొందరు దాన్నే మళ్ళీ మళ్ళీ కాచి వాడతారు. కొందరు కాలువలో పారబోస్తారు. అక్కడది గడ్డకట్టి నీటిదారిని మూసేస్తుంది.

మన వాల్మీకిపురం, మదనపల్లె వైపు చెనిక్కాయ పండే నేల. ఆ నూనెనే తీసుకుందాం. నూనె అణువులో ఒక గ్లిజరిన్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కొని ఉంటాయి. కాగే నూనెలో పిండి వేస్తే అందులోని తడి ఆవిరై ఈ అతుకును విడగొడుతుంది. గాలిలోని ఆక్సిజన్ కొత్త పదార్థాలను పుట్టిస్తుంది. కొన్ని అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి, అందుకే నూనె చిక్కబడుతుంది. ఇలా చేరే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని మన దేశంలో 2018 జూలై 1 నుంచి నియమం ఉంది.

వంటకు పనికిరాని ఆ నూనె సబ్బుకు చక్కగా పనికొస్తుంది. ఎందుకంటారా? సబ్బు చేయడమంటే కొవ్వు ఆమ్లాన్ని గ్లిజరిన్ నుంచి విడదీసి సోడియంతో కలపడమే. బాణలిలో కొంత ఆమ్లం ముందే విడిపోయింది కదా!

వడగట్టిన చెనిక్కాయ నూనె 100 గ్రాములకు కాస్టిక్ సోడా 13 గ్రాములు, నీళ్ళు సుమారు 35 గ్రాములు. తూకం తప్పకూడదు. సోడా అన్నాను గదా అని వంటసోడా అనుకునేరు సుమా! ఇది చర్మాన్ని, కంటిని కాల్చేస్తుంది. మీ సైన్సు మాస్టారు దగ్గరుండి చేయించాలి. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు ఉండాలి. నీళ్ళలో సోడాను కొద్దికొద్దిగా వేయాలి తప్ప, సోడా మీద నీళ్ళు పోయరాదు. అల్యూమినియం గిన్నె అసలే వద్దు, సోడా దాన్ని తినేసి హైడ్రోజన్ వాయువును వదులుతుంది. ద్రావణం చల్లారాక నూనెలో పోసి, మజ్జిగపులుసులా చిక్కబడేదాకా కలిపి అచ్చుల్లో పోయండి. నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వాలి. బట్టలకు, అంట్లకు వాడుకోవచ్చు. ఒంటికి మాత్రం వద్దు. బోరునీరు కఠినజలమైతే ఈ సబ్బు నురగకు బదులు తెట్టు కడుతుంది. అప్పుడు నీళ్ళలో ముందుగా చాకలిసోడా కలపాలి.

ఇదే నూనెతో బండి కూడా నడుస్తుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ను చెనిక్కాయ నూనెతోనే నడిపారు! ఇప్పుడు వాడిన నూనెను మిథనాల్‌తో కలిపి బయోడీజిల్ తీస్తున్నారు. మిథనాల్ విషం, ఇట్టే అంటుకుంటుంది కూడా. కాబట్టి అది కర్మాగారం పని. చిక్కల్లా నూనెను అక్కడికి చేర్చడంలోనే ఉంది. ఇంటికి గరిటెడు మిగిలితే దానికోసం లారీ రాదు. హోటళ్ళు, బజ్జీల బండ్లు, ఇళ్ళు కలిసి ఒకచోట డబ్బాలు నింపితేనే రావచ్చు.