బొత్తాముల ఫోను – పత్తి రైతు

విజ్ఞానశాస్త్రము సృష్టించిన సాధనములలో ధనికుని ముంగిటనే నిలిచిపోయినవి యనేకములు. పేదవాని చేతికి దిగివచ్చినవి కొన్నియే. అట్టివానిలో బొత్తాముల సెల్‌ఫోను ఒకటి.

1995 జూలై 31న జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీకి తొలి సెల్‌ఫోను పిలుపు చేసెను. ఆ తొలినాళ్లలో నిమిషమునకు 16 రూపాయలకు మించిన వెలయుండుటచే, అది వర్తకప్రముఖులకు మాత్రమే అందెడిది. 2003 మే 1 నుండి వచ్చెడి పిలుపులపై రుసుము తొలగెను. ఆ సంవత్సరమే నోకియా వారి 1100 ఫోను వెలువడినది. దుమ్ము చొరని బొత్తాములు, తడిచేత జారని పట్టు, తలపై చిన్న టార్చి – దాని భోగమంతయు నింతియే. అయినను ప్రపంచమున 25 కోట్లకు పైగా అమ్ముడుపోయెను.

ఆ టార్చి విలువ పట్టణవాసులకు తెలియకపోవచ్చును. తెలంగాణమున సాగుకు 24 గంటల విద్యుత్తు 2018 జనవరి 1న గాని రాలేదు. అంతకుముందు దఫాలవారీగా, పెక్కుమార్లు అర్ధరాత్రమున వచ్చెడి కరెంటుకై రైతు చీకటిలో బావికడకు పోవలసివచ్చెడిది. పాముల గట్లపై వానికి దారి చూపినది ఆ దీపమే. పరకాల, నర్సంపేట ప్రాంతముల రైతు బండి కదలింపకమునుపే వరంగల్లు ఏనుమాముల మార్కెట్టులో పత్తి, మిరప ధరలు విచారించుటకు తోడైనదియు ఆ ఫోనే. అక్షరము రాకున్నను వాడుకొనదగిన యంత్రమది.

నేడు ఆ ఫోనును చేతబట్టిన రైతునకే కొత్త చిక్కు వచ్చిపడినది. 2025లో భారత పత్తి సంస్థ, మద్దతుధరకు అమ్మదలచినవారు ‘కపాస్ కిసాన్’ యాప్‌లో ముందుగా స్లాటు బుక్ చేసికొనవలెనని నియమించెను. ఆ యేటి పొడవు పింజ పత్తి మద్దతుధర క్వింటాలునకు 8,110 రూపాయలు. పొలము దున్నిన చేతికి స్మార్టుఫోను లేకున్న ఆ ధర అందుట దుర్లభమగును.

బారులు తగ్గించుట, దళారుల నరికట్టుట మంచి యుద్దేశములే. మేము వానిని కాదనము. పొరుగువాని ఫోనుతో పని నెరవేర్చుకొనవచ్చును గదా యని కొందరందురు. కాని వాన కురిసి పత్తి తడిసిననాడు స్లాటు మార్చుటకు మరల పొరుగువాని గడపయే తొక్కవలెను. దళారిని తొలగింపబోయి మరియొక దళారిని తెచ్చుట న్యాయమా?

మార్గము లేకపోలేదు. రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ఆరంభించిన ‘యూపీఐ 123పే’ ద్వారా ఇంటర్నెట్టు లేని చిన్న ఫోనుతోనే సొమ్ము చెల్లింపవచ్చును. 2004 నుండి కిసాన్ కాల్ సెంటర్లు రైతు పిలుపునకు వాని భాషలోనే బదులిచ్చుచున్నవి. సొమ్ము చెల్లించుటకు చాలిన ఫోను, పత్తి యమ్ముకొనుటకు చాలదా? తెలుగులో మాటలు విని, ఒక అంకె నొక్కి, తేదీ నిర్ణయించుకొను ఏర్పాటు అసాధ్యము కాదు.

దేశమున సుమారు 15 కోట్లమంది యింకను చిన్న ఫోనులే వాడుచున్నారని టెలికాం నియంత్రణ సంస్థ 2024లో గుర్తించినది. ఇందరిని వెలుపల నిలిపి కట్టెడి వ్యవస్థను ప్రగతి యనజాలము. భూస్వాములును విద్యావంతులును తమ కౌలుదారుల పక్షమున ఈ కోరికను అధికారులకు వినిపింతురుగాక. యంత్రము రైతు వద్దకు రావలెను గాని, రైతు యంత్రము వాకిట పడిగాపులు పడరాదు.