ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే బండి బీమాలో ప్రమాద కవర్ ఎందుకు?

మోటారు సైకిల్, కారు, ట్రాక్టర్ బీమా రెన్యువల్‌కు పోయినప్పుడు ఏజెంటు "పీఏ కవర్ ఉంచాలా, తీసేయాలా?" అని అడుగుతాడు. పీఏ అంటే వ్యక్తిగత ప్రమాద బీమా. నెక్కొండ మండలంలో చాలామంది చెప్పే జవాబు ఒకటే: "మాకు ఆరోగ్యశ్రీ ఉంది, తీసెయ్." ఇంకొందరికి బ్యాంకు ద్వారా తీసుకున్న హెల్త్ పాలసీ ఉంటుంది, వాళ్లదీ అదే మాట. అలా తీసేస్తే ఏడాదికి మిగిలేది కొన్ని వందల రూపాయలు. పోయేది ఎంతో చూద్దాం.

ఆరోగ్య బీమా డబ్బు ఆసుపత్రికి పోతుంది, ఇంటికి రాదు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో ప్రభుత్వం 10 లక్షలకు పెంచింది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో, జాబితాలో ఉన్న చికిత్సలకు అది పనికొస్తుంది. రోడ్డు ప్రమాద బాధితుల కోసం కేంద్రం 2025 మే నెలలో ఇంకో పథకం నోటిఫై చేసింది. దాని ప్రకారం గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, మనిషికి లక్షన్నర దాకా నగదు కట్టకుండా చికిత్స చేయాలి. అంటే ఆపరేషన్ ఖర్చు వైపు మనకు కొంత ఆసరా ఉన్నట్టే. బండి పాలసీలో వైద్య ఖర్చుల కోసం అదనపు కవర్ చూపిస్తే, మంచి ఆరోగ్య బీమా ఉన్నవారు దాన్ని వద్దనవచ్చు. ఒకే బిల్లుకు రెండు చోట్లా పూర్తి డబ్బు రాదు.

బండి పాలసీలోని పీఏ కవర్ పని వేరు. అది ఆసుపత్రి బిల్లు చూడదు. బండి నడిపే యజమాని ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అవయవం కోల్పోయినా కుటుంబానికి ఒకేసారి డబ్బు ఇస్తుంది. ఆరోగ్యశ్రీలో చికిత్స చేయించుకున్నా ఇందులో ఒక్క రూపాయి తగ్గదు. ఒకటి ఉంది కాబట్టి రెండోది వద్దనడం, యూరియా వేశాం కాబట్టి పురుగు మందు అక్కర్లేదు అన్నట్టు ఉంటుంది.

15 లక్షల కవర్‌లో ఏముంది, ఏం లేదు

2018 సెప్టెంబరుకు ముందు ఈ కవర్ మోటారు సైకిల్‌కు లక్ష, కారుకు 2 లక్షలే. ఆ నెలలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దాన్ని 15 లక్షలకు పెంచి, ఏడాది ప్రీమియం 750 రూపాయలుగా పెట్టింది. 2019 జనవరి నుంచి దీన్ని బండి పాలసీతో సంబంధం లేకుండా విడిగా కూడా కొనవచ్చు. ఇంట్లో రెండు మూడు బండ్లు ఒకే మనిషి పేరు మీద ఉంటే ఒక్కటి చాలు, ప్రతి బండికీ కట్టనక్కర్లేదు. ఇది తప్పనిసరి కవర్. ఇప్పటికే 15 లక్షలకు తగ్గని వేరే ప్రమాద బీమా ఉన్నవారికి మాత్రమే మినహాయింపు. ఆరోగ్యశ్రీ కార్డు గానీ, హెల్త్ పాలసీ గానీ ఆ లెక్కలోకి రావు. "వేరే పాలసీ ఉంది" అన్న కాగితం మీద చూడకుండా సంతకం పెట్టకండి.

మరణానికి, రెండు కాళ్లు లేదా రెండు చేతులు లేదా రెండు కళ్లు పోయినా, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వచ్చినా పూర్తి 15 లక్షలు. ఒక కాలు, ఒక చెయ్యి లేదా ఒక కన్ను పోతే సగం, అంటే ఏడున్నర లక్షలు. ప్రమాదం జరిగిన 6 నెలల లోపు ఆ పరిస్థితి ఏర్పడాలి. నడిపేవారికి చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉండాలి. తాగి నడిపితే రాదు, కల్లు తాగినా తాగినట్టే లెక్క.

ఇందులో లేనిది కూడా తెలుసుకోవాలి. జనవరిలో మిర్చి ఏరుడు మొదలైన సమయంలో కాలు విరిగి, రాడ్ వేసి, 4 నెలలు మంచం మీద ఉన్నారనుకుందాం. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయిపోతుంది. కాలు అతికి మళ్లీ నడుస్తారు కాబట్టి ఈ 15 లక్షల కవర్ నుంచి పైసా రాదు. కానీ ఆ 4 నెలల్లో ఏరుడు కూలీలను చూసే మనిషి లేడు, మార్కెట్‌కు పోయే మనిషి లేడు, అప్పు వడ్డీ మాత్రం ఆగదు. నా దృష్టిలో మన రైతుల అసలు నష్టం ఇక్కడే ఉంది. దీనికి విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోవాలి. "తాత్కాలిక పూర్తి అశక్తత" అనే అంశం ఉన్నదే అడగండి. మంచాన పడ్డ కాలానికి వారానికి ఇంత అని డబ్బు ఇస్తుంది. ఆ అంశం లేని పాలసీ ఎంత చవక అయినా మనకు సగమే ఉపయోగం.

ఇంకో సంగతి. 2018 సెప్టెంబరు తర్వాత కొన్న కొత్త మోటారు సైకిళ్లకు 5 ఏళ్లు, కార్లకు 3 ఏళ్లు థర్డ్ పార్టీ బీమా ముందే కట్టించుకుంటున్నారు. దాంతో "నా బండికి 5 ఏళ్ల బీమా ఉంది" అని నిశ్చింతగా ఉంటారు. అదే పాలసీలో పీఏ కవర్ ఒక్క ఏడాదికే తీసుకుని ఉండవచ్చు. పాలసీ కాగితం తీసి ఆ వరుసలో చివరి తేదీ ఈ రోజే చూడండి.

బండి ఎవరి పేరు మీద ఉంది?

మన ఊళ్లలో ఆర్సీ తండ్రి పేరు మీద ఉంటుంది, నడిపేది కొడుకు. ఈ కవర్ పేరే "యజమాని-డ్రైవర్". ఆర్సీలోనూ పాలసీలోనూ పేరున్న మనిషికే వర్తిస్తుంది. తండ్రి ట్రాక్టర్ కొడుకు నడుపుతూ బోల్తా పడితే ఈ కవర్ కింద కొడుకు కుటుంబం 15 లక్షలు అడగలేదు. థర్డ్ పార్టీ కింద అడుగుదామన్నా కుదరదు. ఇంకొకరి బండి అడిగి తీసుకుని నడిపేవాడు యజమాని స్థానంలో ఉన్నట్టేనని, మూడో మనిషి కాడని సుప్రీంకోర్టు 2009లోనూ 2020లోనూ చెప్పింది. అందువల్ల ఇంట్లో స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటుందో వారి పేరు మీదే విడి ప్రమాద పాలసీ ఉండాలి. జీతానికి డ్రైవర్‌ను పెట్టుకుంటే అతని కోసం పాలసీలో అదనపు ప్రీమియం కట్టాలి.

పాత బండి కొని ఆర్సీ మార్చుకోని వారిది ఇంకా చిక్కు. బీమా పాత యజమాని పేరు మీదే నడుస్తుంటే మీకు పీఏ కవర్ లేనట్టే. కొన్న 14 రోజుల్లో బీమా కంపెనీకి పేరు మార్పు దరఖాస్తు ఇవ్వాలి.

పక్కన, వెనక కూర్చున్నవారు

కారులో ఇంటి మనుషులు, మోటారు సైకిల్ వెనక భార్య. "థర్డ్ పార్టీ మాత్రమే" పాలసీ అయితే వీళ్లకు బీమా కంపెనీ బాధ్యత ఉండదు. ప్యాకేజీ పాలసీ (మనవాళ్లు ఫుల్ ఇన్సూరెన్స్ అంటారు) అయితే వీళ్లు కూడా అందులోకి వస్తారని 2012లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బండి పాతబడింది, దానికి ఫుల్ ఎందుకు అనుకునేవారు ఈ ఒక్క విషయం ఆలోచించాలి. బండి విలువ తగ్గుతుంది గానీ అందులో కూర్చునే వాళ్ల విలువ తగ్గదు కదా. కారుకైతే ప్రయాణికుల పీఏ కవర్ కూడా కలుపుకోవచ్చు.

ట్రాక్టర్ సంగతి వేరు. ట్రాక్టర్‌కు డ్రైవర్ సీటు ఒక్కటే. మడ్‌గార్డ్ మీద కూర్చున్నవారికి, ట్రాలీలో మిర్చి బస్తాల మీద కూర్చుని ఏనుమాముల మార్కెట్‌కు పోయేవారికి బీమా ఉందనుకోవద్దు. ట్రాక్టర్ ట్రయిలర్‌లో కూరగాయలతో పాటు పోతూ చనిపోయిన వ్యక్తి కేసులో, ఆ పరిహారం బీమా కంపెనీ బాధ్యత కాదని 2004లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అప్పుడు భారం ట్రాక్టర్ యజమాని మీదే పడుతుంది. ఏరుడు కూలీలను ట్రాలీలో ఎక్కించుకుని తెచ్చే రైతు, ఏదైనా జరిగితే పొలం అమ్మి కట్టే పరిస్థితి రావచ్చు. ఏ అదనపు కవర్ కొన్నా ఇది పూర్తిగా తీరేది కాదు, ట్రాలీలో మనుషులను ఎక్కించకపోవడమే మార్గం. మక్కలు రోడ్డు మీద ఆరబోసే రోజుల్లో నర్సంపేట, కేసముద్రం రోడ్లపై రాత్రిపూట నడపడం గురించి వేరే చెప్పక్కర్లేదు. కుప్పల చుట్టూ రాళ్లు మాత్రం పెట్టకండి.

రైతుబీమా, 20 రూపాయల బీమా

2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా 5 లక్షలు ఇస్తుంది. గాయానికి, అవయవ నష్టానికి ఇవ్వదు. 60 నిండిన వారికి, పాసుపుస్తకం లేని కొడుకుకు, కౌలు రైతుకు అది లేదు. వీళ్లకు ముందుగా బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన చేయించండి. ఏడాదికి 20 రూపాయలు, వయసు 18 నుంచి 70. ప్రమాద మరణానికి, పూర్తి అంగవైకల్యానికి 2 లక్షలు, ఒక కాలు, ఒక చెయ్యి లేదా ఒక కన్ను పోతే లక్ష. మే నెలాఖరుకు ఖాతాలో 20 రూపాయలు లేకపోతే కవర్ ఆగిపోతుంది. పంట డబ్బు పడగానే మొత్తం తీసేసేవారు ఇది గుర్తుంచుకోవాలి. ఇవన్నీ విడివిడిగా వస్తాయి, ఒకటి వచ్చిందని ఇంకొకటి ఆపరు.

చేతిలో డబ్బు తక్కువ ఉంటే నేను చెప్పే వరుస ఇది. ముందు 20 రూపాయల బీమా ఇంట్లో అర్హులందరికీ. తర్వాత ఆర్సీ ఉన్న మనిషికి 15 లక్షల కవర్. ఆ తర్వాత బండి నిజంగా నడిపే మనిషికి వారపు చెల్లింపు ఉన్న ప్రమాద పాలసీ. పాత కారు కిటికీ అద్దానికి, రంగుకు చూపించే అదనపు కవర్లు చివరికి.

ప్రమాదం జరిగితే 112కు ఫోన్ చేయాలి, పోలీసులకు చెప్పాలి. "మనలో మనం మాట్లాడుకుందాం" అని కేసు లేకుండా వదిలేస్తే క్లెయిమ్‌కు ఆధారం మిగలదు. ఎఫ్ఐఆర్, ఆసుపత్రి కాగితాలు, మరణమైతే పంచనామా, పోస్టుమార్టం నివేదిక, లైసెన్స్, ఆర్సీ నకళ్లు కావాలి. బీమా కంపెనీకి వెంటనే రాతపూర్వకంగా తెలపాలి. నామినీగా చనిపోయిన తల్లిదండ్రుల పేర్లే ఇంకా ఉన్న పాలసీలు చాలా కనిపిస్తాయి. రెన్యువల్ రోజే ఆ పేరు మార్పించండి. పాలసీ కాగితం అర్థం కాకపోతే రైతు వేదికకు తీసుకురండి, మీ విస్తరణ అధికారితో కలిసి చదువుకోవచ్చు.