లాన్‌కి ఫంగస్ పట్టింది.. మరి తాబేలు ఏం మేయాలి?

హ్యూస్టన్‌లో మనవాళ్ల ఇళ్ల వెనక ఎక్కువగా ఉండేది సెయింట్ ఆగస్టీన్ గడ్డి. అక్టోబర్‌లో రాత్రులు చల్లబడగానే ఆ పచ్చదనం మధ్య గుండ్రంగా పసుపు, గోధుమ రంగు మచ్చలు లేస్తాయి. ఆకు పట్టి లాగితే మొదలు కుళ్లి ఇట్టే ఊడొస్తుంది. ఇది రైజోక్టోనియా సోలాని అనే ఫంగస్ పని. బ్రౌన్ ప్యాచ్ అంటారు. వెంటనే లాన్ కంపెనీకి ఫోన్ చేసి మందు కొట్టించడం అక్కడ మామూలే. కానీ ఇంట్లో తాబేలు ఉంటే ఆ ఫోన్‌కి ముందు కాస్త ఆగాలి.

అమెరికాలో పిల్లలు ముచ్చటపడి తెచ్చుకునే తాబేళ్లలో సుల్కాటా ఒకటి. సహారా ఎడారి దక్షిణపు అంచుది. అరచేతిలో పట్టేంతగా వచ్చి, పెద్దయ్యాక 40 కిలోలు కూడా దాటగలదు. దాని ప్రధాన ఆహారం గడ్డే. (ఇది చదివి హైదరాబాద్‌లో నక్షత్ర తాబేలు కోసం వెతక్కండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది.)

‘మందు ఆరాక పెంపుడు జంతువుల్ని వదలొచ్చు’ అని స్ప్రే చేసేవాళ్లు చెప్తారు. అబద్ధమేం కాదు. కాకపోతే ఆ మాట కుక్క, పిల్లి దాని మీద నడవడం గురించి. తాబేలు నడిచి ఊరుకోదు కదా, మేస్తుంది. అజాక్సిస్ట్రోబిన్, ప్రొపికొనజోల్ లాంటి మందులు ఆకు లోపలికి ఇంకిపోతాయి, నీళ్లతో కడిగినా పోవు. మందు కొట్టిన చోట పశువుల్ని మేపొద్దని, కోసిన గడ్డి కూడా వేయొద్దని చాలా లాన్ మందుల లేబుళ్ల మీదే ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు?

అసలు మందు లేకుండానే చాలావరకు పనవుతుంది. ఈ ఫంగస్ ఆకుల్ని పాడు చేస్తుంది కానీ వేళ్లను, పాకే కాడలను చంపడం అరుదు. ఎండలు ముదిరితే గడ్డి మళ్లీ చిగురిస్తుంది. రాత్రంతా ఆకు తడిగా ఉండటమే దానికి బలం. అందుకే స్ప్రింక్లర్ మగ్రిబ్ తర్వాత కాకుండా ఫజర్ వేళకి పెట్టుకోవాలి, అదీ నేల ఆరాకే. చలికాలం ముందు నైట్రోజన్ ఎరువు ఆపేయాలి. గడ్డి పొడిగా ఉన్నప్పుడే కోసి, ఆ ముక్కల్ని ఎత్తి పారేయాలి. ఈలోగా మచ్చలున్న వైపు చిన్న కంచె కట్టి, తాబేలుకి బెర్ముడా ఎండుగడ్డి వేస్తే సరిపోతుంది. తేమకి పుట్టగొడుగులు మొలిస్తే దాన్ని వదిలే ముందే పీకేయాలి. ఏది విషపుదో చూసి చెప్పడం మన వల్ల కాదు.

ముందు లాన్ మరీ పాడైందనుకుంటే అక్కడి వరకే మందు కొట్టించుకోవచ్చు. వెనక వైపు ఏమీ చల్లొద్దని, కలుపు మందు కలిపిన ఎరువు కూడా వద్దని కంపెనీకి మెసేజ్ పెట్టాలి. నోటి మాట సరిపోదు, వచ్చే మనిషి ప్రతిసారీ మారతాడు. ఇప్పటికే కొట్టేసి ఉంటే తాబేలును ఆ గడ్డి మీదకి వదలకుండా మందు పేరు రాసిపెట్టుకోవాలి. అప్పటికే మేసి ఉంటే సరీసృపాలను చూసే పశువైద్యుడికి వెంటనే ఫోన్ చేసి ఆ పేరు చెప్పాలి. తిండి మానేసేదాకా చూడొద్దు, తాబేలు జబ్బు బయటపడేసరికే ఆలస్యమైపోతుంది.