కరెంటు పోయినా లెక్క తప్పదు!
లినక్స్‌ను కాపాడుతున్నది కనిపించని కాపలాదారులే

బళ్లారిలో డీటీపీ సెంటరు కావచ్చు, హోసూరులో జిరాక్స్ షాపు కావచ్చు. పని మధ్యలో ఠక్కున కరెంటు పోతే గుండె గుభేల్‌మంటుంది. రాసిందంతా ఏమైపోయిందోనని బెంగ. లినక్స్ కంప్యూటరైతే కరెంటొచ్చాక కాసేపట్లోనే మళ్లీ లేచి కూర్చుంటుంది. ఎలాగంటారా?

మన కోమటి కొట్లలో చిట్టా, ఆవర్జా ఉండేవి గుర్తున్నాయా? బేరం కాగానే ముందు చిట్టాలో ఎక్కిస్తారు. తీరిగ్గా ఆవర్జాలోకి దించుతారు. మధ్యలో దీపం ఆరిపోయినా చిట్టా చూసి లెక్క సరిచేసుకోవచ్చు. 2001లో లినక్స్‌లోకి వచ్చిన ఈఎక్స్‌టీ3 ఫైల్ సిస్టమ్ చేసేదీ అదే. దాని చిట్టా పేరు జర్నల్. అంతకుముందున్న ఈఎక్స్‌టీ2లో కరెంటు పోతే డిస్కంతా మొదట్నుంచీ తనిఖీ చేయాల్సొచ్చేది. పెద్ద డిస్కయితే గంటలు పట్టేది. జర్నల్ ఉన్నా సేవ్ చేయని అక్షరాలు పోతే పోతాయి. డిస్కు లెక్క మాత్రం చెడదు.

2008లో ఈఎక్స్‌టీ4 సిద్ధమైంది. అందులో బెంగళూరు ఐబీఎం ఇంజినీర్ల చెయ్యి కూడా ఉంది.

కుర్రాడి సరదా

1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి సరదాగా మొదలెట్టిన పని ఇది. తొలి కెర్నల్ సుమారు పది వేల వరుసలు. ఇప్పుడవి కోట్లకు చేరాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ ఈ కెర్నలే. తొమ్మిది, పది వారాలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది.

దిక్కెవరు?

ఇంత పనిలో ఒక్కో భాగానికీ ఒక్కో బాధ్యుడుంటాడు. వాళ్ల పేర్ల జాబితా కెర్నల్‌తోపాటే వస్తుంది. చూసుకునేవాళ్లు లేని భాగం ఎదురుగా ‘అనాథ’ అని రాస్తారు. మాట కటువే, కానీ నిజం.

రైజర్ ఎఫ్‌ఎస్ సంగతే చూడండి. లినక్స్ కెర్నల్‌లో చేరిన తొలి జర్నల్ ఫైల్ సిస్టమ్ అదే. ఈఎక్స్‌టీ3 కన్నా ముందే, 2001లోనే వచ్చింది. ఒకప్పుడు మంచి పేరు. పోనుపోను పట్టించుకునేవాళ్లు కరవయ్యారు. 2038 తర్వాతి తేదీలు దాని లెక్కలో ఇమడవు. సరిచేసే దిక్కు లేదు. 2022లో ‘ఇక వాడొద్దు’ అన్నారు. 2025 జనవరిలో వచ్చిన 6.13 వెర్షన్‌లో తీసేశారు.

చెరువు తవ్వించడం ఒక ఎత్తు, ఏటా పూడిక తీయడం ఒక ఎత్తు. తవ్వించిన ప్రభువు పేరు శాసనంలో ఉంటుంది. పూడిక తీసినోళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు. లినక్స్‌లో మాత్రం ఒక్క వరుస సరిచేసినా ఆ మార్పు కింద సంతకం ఉండాల్సిందే. దానికి ఉద్యోగం అక్కర్లేదు, రుసుమూ లేదు. కావాల్సిందల్లా ఓపిక. ఇంజినీరింగ్ చదివే మన పిల్లలూ, ఓ చెయ్యి వేయకూడదూ!