అన్ని పెట్టెలకూ ఒకటే గంట

పిల్లలూ! బడిలో మాస్టార్లందరి చేతికీ గడియారాలుంటాయి. అయినా పీరియడు మారాలంటే బంట్రోతు గంట కొట్టవలసిందే. ఎందుకంటారా? ఎవరి గడియారం ప్రకారం వారు నడుచుకుంటే ఏమవుతుందో ఊహించండి. లెక్కల మాస్టారు బోర్డు మీద లెక్క చేస్తూ ఉండగానే తెలుగు మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడతారు. పక్క తరగతిలో అసలు మాస్టారే ఉండరు. అందరి గడియారాలూ మంచివే, తేడా ఒక నిమిషమే. కాని బడి నడవాలంటే మంచి గడియారాలు పది ఉంటే చాలదు. అందరికీ వినిపించే గంట ఒకటి ఉండాలి.

పాటలు రికార్డు చేసే స్టూడియోలలో కూడా సరిగ్గా ఇటువంటి చిక్కే ఉన్నది. అక్కడి పరికరాలకు కూడా ఒక బడిగంట కావాలి. ఎందుకు కావాలో, ఆ గంటను ఎలా కొడతారో తెలుసుకుందాం.

ముందు శబ్దం సంగతి చూడండి. మనం మాట్లాడినా, వీణ తీగ మీటినా గాలి కంపిస్తుంది. మైక్రోఫోను ఆ కంపనాలను విద్యుత్తుగా మారుస్తుంది. పూర్వం ఆ విద్యుత్తునే తీగల మీద పంపి, టేపు మీద నిలిపేవారు. ఇప్పుడు దాన్ని మాటిమాటికీ కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వ్రాసుకుంటారు. జ్వరం వచ్చిన పిల్లవాడికి గంటకొకసారి థర్మామీటరు పెట్టి, ఎంత ఉన్నదో కాగితం మీద వ్రాసిపెట్టినట్టే. అయితే ఇక్కడ కొలిచేది గంటకొకసారి కాదు, సెకండుకు 48,000 సార్లు! కొలబద్ద కూడా సామాన్యమైనది కాదు. దాని మీద 1,67,77,216 గీతలు ఉన్నట్టు లెక్క. ఈ అంకెలను మళ్ళీ అదే వేగంతో వరుసగా చదివి విద్యుత్తుగా మారిస్తే స్పీకరులో పాట వినపడుతుంది.

"అదే వేగంతో" అన్న మాటను గుర్తుంచుకోండి. చిక్కంతా అక్కడే ఉన్నది.

సెకండుకు 48,000 అని లెక్క పెట్టేది ఎవరు? ప్రతి పరికరంలోనూ క్వార్ట్జు అనే స్ఫటికపు ముక్క ఒకటి ఉంటుంది. మన చేతి గడియారాలలో ఉండేది కూడా ఈ జాతిదే. విద్యుత్తు సోకితే అది ఎంతో నిలకడగా కంపిస్తుంది. ఆ కంపనాలను లెక్కించి పరికరం తన పని చేసుకుంటుంది. కాని ఏ రెండు స్ఫటికాలూ అచ్చంగా ఒకే వేగంతో కంపించవు. కోతలో వెంట్రుకవాసి తేడా ఉన్నా, ఒకటి వేడెక్కి రెండవది చల్లగా ఉన్నా, వేగం ఇసుమంత మారుతుంది.

ఆ ఇసుమంత ఎంతో లెక్క వేద్దాం. రెండు స్ఫటికాల మధ్య పదిలక్షలకు పది తేడా ఉన్నదనుకోండి. ఇంటి గడియారాలలో అయితే ఇది నెలకు 26 సెకండ్ల తేడా. ఎవరూ పట్టించుకోరు. కాని సెకండుకు 48,000 కొలతలు తీసే పరికరాల మధ్య అదే తేడా ఉంటే, సుమారు రెండు సెకండ్లకొక కొలత ఎక్కువో తక్కువో అవుతుంది. గంట గడిచేసరికి 1,728 కొలతలు!

ఇప్పుడు ఒక తొట్టిని తలుచుకోండి. ఒక పక్క కుళాయి నుండి నీళ్ళు పడుతున్నాయి, ఇంకొక పక్క తూము నుండి పోతున్నాయి. కుళాయి ధార ఏమాత్రం ఎక్కువైనా ఎప్పుడో ఒకప్పుడు తొట్టి పొర్లక తప్పదు. తక్కువైతే ఎండక తప్పదు. శబ్దాన్ని అందుకునే పరికరం కూడా వచ్చే కొలతలను ఇటువంటి చిన్న తొట్టిలోనే నిలవ చేసుకుంటుంది. పంపే పరికరం గడియారం వేగంగా నడిస్తే తొట్టి పొర్లి కొన్ని కొలతలు పోతాయి. నెమ్మదిగా నడిస్తే తొట్టి ఖాళీ అయి, వాయించడానికి ఏమీ ఉండదు. రెండు విధాలా పాట మధ్యలో "టిక్కు" మని చప్పుడు వస్తుంది.

ఇందులో నష్టం చిన్నది కాదు. ఒక కచేరీలో గాత్రాన్ని ఒక యంత్రం, వయొలిన్‌ను ఇంకొక యంత్రం విడివిడిగా రికార్డు చేశాయనుకోండి. పైన చెప్పిన తేడాతోనే గంటసేపటికి రెండింటికీ మధ్య సెకండులో వెయ్యింట 36 వంతుల ఎడం వస్తుంది. ఆ కాస్త కాలంలో శబ్దం గాలిలో 12 మీటర్లు పోతుంది. పక్కనే కూర్చున్న వయొలిన్ విద్వాంసుడు 12 మీటర్ల అవతలికి లేచిపోయి వాయించినట్టు ఉంటుందన్నమాట! గాయకుడిని పిలిచి, ఆ ఆలాపన అచ్చంగా అలాగే మళ్ళీ పాడమంటే పాడగలడా?

కనుక స్టూడియోలలో మొదటి నుంచీ ఒక కట్టుబాటు ఉన్నది. ఏదో ఒక గడియారాన్ని పెద్దగా ఎంచుకుని, తక్కిన పరికరాలన్నీ దాని అడుగులో అడుగు వేయాలి. ఇందుకోసం ప్రతి పరికరానికీ వేరుగా ఒక కేబులు వేసి, దాని మీదుగా సెకండుకు 48,000 తట్లు పంపడం ఒక పద్ధతి. దీనికి వర్డ్ క్లాకు అని పేరు. ఇప్పటికీ చాలాచోట్ల వాడుతున్నారు.

తరువాత కంప్యూటర్లను కలిపే నెట్‌వర్కు కేబులు మీదనే శబ్దాన్ని కూడా పంపే పద్ధతులు వచ్చాయి. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో 2006లో ఏర్పడిన ఆడినేట్ సంస్థ డాంటే అనే పద్ధతిని తెచ్చింది. దీనిలో ఒక్క గిగాబిట్ కేబులు మీద 512 మైక్రోఫోన్ల శబ్దం అటూ, మరి 512 మైక్రోఫోన్ల శబ్దం ఇటూ నడవగలదు! వేర్వేరు పద్ధతుల పరికరాలు కూడా కలిసి పనిచేయడానికి ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ 2013లో ఏఈఎస్ 67 అనే ప్రమాణాన్ని ప్రకటించింది.

అయితే నెట్‌వర్కులో శబ్దం ఏకధారగా పోదు. 48 కొలతలను ఒక మూటగా కట్టి, సెకండుకు 1,000 మూటలు పంపడం ఏఈఎస్ 67 వారి ముఖ్యమైన పద్ధతి. ఈ మూటలు బస్సుల వంటివి. బయలుదేరడం వేళకే బయలుదేరినా, దారిలో రద్దీని బట్టి ఒకటి ముందూ ఒకటి వెనుకా చేరుతాయి. బస్సు వచ్చిన వేళను చూసి గడియారం దిద్దుకోగలమా? మరి గంట కొట్టడం ఎలా?

దీనికి చక్కని ఉపాయం ఉన్నది. కాగితం, పెన్సిలు తీసుకోండి.

సీత, రాము వేర్వేరు వీధులలో ఉన్నారు. సీత గడియారమే ప్రమాణం. సీత సరిగ్గా 10-00 గంటలకు, "ఇప్పుడు నా గడియారంలో 10-00" అని చీటీ వ్రాసి పంపింది. అది అందేసరికి రాము గడియారంలో 10-07 అయింది. ఈ 7 నిమిషాలలో దారిలో పట్టినవి ఎన్ని? రాము గడియారం తప్పు ఎంత? ఒక్క చీటీతో తేలదు. అందుకని రాము తన గడియారంలో 10-10కి తిరుగుచీటీ పంపాడు. అది సీతకు, ఆమె గడియారం ప్రకారం 10-11కి అందింది. ఆమె ఆ సంగతి రాముకు కబురు చేసింది.

వచ్చిన చీటీకి 7, పోయిన చీటీకి 1. రెండూ కలిపితే 8, అందులో సగం 4. దారిలో పట్టినవి 4 నిమిషాలు! 7లోనుంచి 1 తీసివేస్తే 6, అందులో సగం 3. రాము గడియారం 3 నిమిషాలు ముందున్నది! కావాలంటే మీరే సరిచూడండి.

నెట్‌వర్కులోని పరికరాలు చేసేది కూడా ఈ లెక్కే. ప్రతి సెకండులోనూ ఇటువంటి చీటీలు నడుస్తూనే ఉంటాయి. తేడా తెలియగానే పరికరం ఒక్క గెంతు గెంతదు; గెంతితే మళ్ళీ టిక్కుమంటుంది. ఊరేగింపులో వెనుకబడిన పిల్లవాడు కాస్త పెద్ద అడుగులు వేసి కలుసుకున్నట్టు, తన వేగాన్ని కొద్దికొద్దిగా సవరించుకుంటుంది. మంచి నెట్‌వర్కులో చివరికి మిగిలే తేడా సెకండులో పదిలక్షలవ వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ఈ చీటీల నియమాలను ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంఘం 1588 అనే సంఖ్యతో 2002లో ప్రకటించి, 2008లోనూ 2019లోనూ సవరించింది.

ఇంతకూ సీత వంటి పెద్దను ఎవరు ఎన్నుకుంటారు? పరికరాలే ఎన్నుకుంటాయి! ప్రతి పరికరమూ తన గడియారం ఎటువంటిదో చాటుకుంటుంది. అందరిలోకీ మంచి గడియారం గలదే నాయకుడు. నాయకుడు చెడిపోతే, తరగతి లీడరు బడికి రాని రోజున వేరొకరు ఆ పని చూసినట్టు, తరువాతి పరికరం ఆ స్థానంలోకి వస్తుంది. పెద్ద ప్రసార కేంద్రాలలో ఈ నాయకుడు ఆకాశంలోని జీపీఎస్ ఉపగ్రహాల నుండి కాలాన్ని అందుకుంటాడు.

చీటీల లెక్కలో ఒక షరతు ఉన్నది, గమనించారా? పోవడానికీ రావడానికీ ఒకే కాలం పట్టాలి. ఒక పక్క రద్దీలో చీటీ చిక్కుకుంటే లెక్క తప్పుతుంది. అందువల్ల నెట్‌వర్కులో ముందు దారి గడియారపు చీటీలకు, ఆ తరువాత శబ్దపు మూటలకు, చివర తక్కినవాటికి ఇస్తారు. రోడ్డు మీద అంబులెన్సుకు దారి విడిచినట్టే.

బడిలోనో ప్రార్థనామందిరంలోనో ఇటువంటి పరికరాలు అమర్చే పెద్దలు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. అన్ని పరికరాలనూ సెకండుకు ఒకే సంఖ్యలో కొలిచేలా పెట్టాలి. నాయకుడు ఒక్కడే ఉండాలి. వైఫై దారి నిలకడ లేనిది కనుక తీగనే నమ్ముకోవాలి. రాగి కేబులు 100 మీటర్లు మించరాదు. కరెంటు ఆదా కోసం మధ్యమధ్య కునుకు తీసే స్విచ్చులు కొన్ని ఉన్నాయి. వాటి కునుకు మాన్పించాలి, లేకపోతే చీటీలు ఆలస్యమవుతాయి. "ఎవరికి వారే యమునా తీరే" అన్న సామెత ఇక్కడ పనికిరాదు.

చివరగా మీకొక పని. ఇంట్లో రెండు గడియారాలు తీసుకుని, ఒక ఆదివారం ఉదయం రెండింటినీ సెకండుతో సహా సరిపెట్టండి. తరువాత ప్రతి ఆదివారమూ వాటి మధ్య తేడా ఎన్ని సెకండ్లో ఒక పుస్తకంలో వ్రాయండి. 30 రోజులకు 25,92,000 సెకండ్లు. మీ గడియారాల తేడా పదిలక్షలకు ఎంతో లెక్క కట్టండి. ఏది సరైనదో తేల్చాలంటే మీకు మూడవ గడియారం కావాలి. దాన్ని మీరిద్దరూ, ముగ్గురూ ముందే ఒప్పుకోవాలి. ఒప్పుకున్నారా, అదే మీ బడిగంట!