వెలుగుకత్తి చేయునది, చేయలేనిది



కడచిన మాసమున మా వీధిలోని యొక యువతి తన నాలుగునెలల పసికందు నెత్తుకొని మా యింటికి వచ్చినది. ఆమె చేతి ఫోనులో నొక వైద్యాలయపు ప్రకటన యుండెను. కత్తియు లేదు, మచ్చయు లేదు, లేసరు వెలుగుతోనే జాఱిన వక్షోజములను పూర్వపు రూపునకు దెచ్చెదమని దాని సారాంశము. ఆమె మెల్లగా నన్నిట్లడిగినది: “అక్కయ్యగారూ! ఇప్పటినుండియే బిడ్డకు పాలు మాన్పించినచో నాకీ యవసరమే రాదట, నిజమేనా?”

ఆ ప్రశ్న నన్ను గొన్నిదినములు విడువలేదు. సిగ్గుచేత మనలో మనము మాటాడుకొనని సంగతులను గూర్చి ప్రకటనకర్తలు నిస్సంకోచముగా మాటాడుచున్నారు. కావున నిందలి నిజానిజములను విశదపఱచుట మేలని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మన ప్రబంధకవులు స్తనములను బంగారు కలశములతోను, జక్కవపిట్టలతోను బోల్చిరి. ఆ వర్ణనలు నవయౌవనమందున్న నాయికలను గూర్చినవే గాని, ముగ్గురు బిడ్డలను బెంచిన యిల్లాలిని గూర్చినవి కావు. శరీరమునకు కవిసమయము తెలియదు. స్తనములో నెముక లేదు. దానిని బట్టి నిలుపగల కండరమును లేదు. పాలగ్రంథులు, క్రొవ్వు, వాని నడుమ నల్లుకొన్న సన్నని నారపోగులు, పైని చర్మము, ఇంతియే దాని నిర్మాణము. ఈ పోగులను ఆంగ్ల శస్త్రవైద్యుడు సర్ ఆస్ట్లీ కూపరు 1840లో బ్రకటించిన గ్రంథమున వర్ణించుటచే వానికి కూపరు బంధనములని పేరు గలిగినది. వయసు మీఱుటచేతను, గర్భధారణచేతను, శరీరపు బరువు పెరిగి తఱుగుటచేతను చర్మమును నీ పోగులును సాగును. అట్లు సాగినవానిని లేపనములుగాని వ్యాయామముగాని మరల బిగింపజాలవు.

మఱి పాలిచ్చుట యిందుకు గారణమగునా? అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ వైద్యులు, స్తనముల శస్త్రచికిత్సకై వచ్చినవారిలో గర్భము ధరించిన 93 మంది స్త్రీలను బరిశీలించి 2008లో తమ నిర్ణయమును బ్రకటించిరి. పాలిచ్చినవారికిని ఈయనివారికిని స్తనములు జాఱుటలో జెప్పదగిన భేదము కానరాలేదు. వయసు, అధికమైన శరీరభారము, గర్భధారణల సంఖ్య, గర్భమునకు ముందే స్తనములు పెద్దవై యుండుట, పొగత్రాగుట, ఇవియే కారణములుగా దేలినవి. గర్భము ధరించినప్పుడే స్తనములు పెరుగును; తరువాత దఱుగును. బిడ్డకు పాలిచ్చినను మానినను నా మార్పు వచ్చునదియే. ఆఱునెలలు తల్లిపాలు మాత్రమే యీయవలెననియు, పిమ్మట నితరాహారముతో గూడ రెండేండ్లవఱకు నంతకు మించియు నీయవచ్చుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. లేని భయమునకై యీ యమృతమును బిడ్డకు దప్పించుట యెంత యన్యాయము!

ఇక శస్త్రచికిత్స సంగతి. దీనిని మాస్టోపెక్సీ యందురు. స్తనము జాఱిన పరిమాణమును గొలుచుటకు, కెనడాలోని మాంట్రియల్ నగరమున శస్త్రవైద్యురాలైన పోల్ రెన్యో 1976లో నొక క్రమమును బ్రకటించెను. స్తనము క్రింది ముడుతకు సమముగా చనుమొన యున్నచో మొదటి మెట్టు. ముడుతకు దిగువనున్నను స్తనపు టడుగంచునకు బైన నున్నచో రెండవది. అడుగుననే యుండి నేలచూపు చూచునేని మూడవది. మెట్టును బట్టి శస్త్రవైద్యుడు చనుమొన చుట్టునుగల వలయము వెంబడి మాత్రమే కోయవచ్చును; లేక యచ్చటనుండి నిలువుగా క్రిందికి గూడ గోయవచ్చును; మిక్కిలి జాఱినచో ముడుత వెంబడి నడ్డముగా గూడ గోయవలసివచ్చును. మిగులు చర్మమును దీసివైచి, లోని భాగమును బైకి జేర్చి కుట్లు వేయును. స్తనమును బైకెత్తునది ముఖ్యముగా నీ కోతయు, నీ కుట్టును.

అట్లైనచో వెలుగు చేయు పని యేమి? మహారాష్ట్రములోని బారామతిలో 1938లో జన్మించి, పూనాలో విద్యనభ్యసించిన కుమార్ పటేల్ అను శాస్త్రజ్ఞుడు 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బొగ్గుపులుసు వాయువుతో లేసరు కిరణమును బుట్టించెను. కంటికి గానరాని యీ కిరణమును నీరు మిక్కిలిగా బీల్చుకొనును. మన చర్మములో నీరధికముగా నుండుటచే, కిరణము తగిలినచోట నా నీరు క్షణములో నావిరియై, పలుచని పొర మాత్రము లేచిపోవును. సన్నని రక్తనాళములు వేడికి మూసికొనును.

స్తనోన్నయనమున కొన్నిచోట్ల చర్మమంతయు దీయరాదు. చనుమొనకు రక్తమందించు నాళములు లోపలి పొరలో నుండును గనుక, నచ్చట పైపొరను మాత్రమే యొలువవలయును. ఈ పనిని శస్త్రవైద్యులు కత్తితో నోరిమిగా జేయుదురు. కొందఱు దానికి బదులుగా లేసరు నుపయోగింతురు. అట్లు మిగిలిన లోపలి పొరను బాఱవేయక, లోనికి మడచి స్తనమున కాధారముగా నమర్చు పద్ధతికి అమెరికాలో “లేసరు బ్రా” అని పేరు పెట్టిరి. లోన దొడిగిన రవికవంటిదని భావము. ఇంకొక యుపయోగమును గలదు: మానిన కోతల యెఱుపును దగ్గించుటకు వేఱొకవిధమగు లేసరును బ్రయోగింతురు.

కాబట్టి వెలుగు సహాయకారియే గాని కర్త కాదు. అది వాడినను కోత తప్పదు, మచ్చ తప్పదు. మచ్చ కాలక్రమమున వెలసిపోవునే గాని పూర్తిగా మాయము కాదు. బాగుగా జాఱిన స్తనమును చర్మముపై వెలుగు ప్రసరింపజేసినంతనే పైకెత్తుట సాధ్యము కాదు. రక్తస్రావము, చీము పట్టుట, గాయ మాలస్యముగా మానుట, చనుమొన స్పర్శజ్ఞానము తగ్గుట, రెండుప్రక్కలు సమముగా లేకుండుట మున్నగు నపాయములు లేసరు వాడినను గలవు. కాలము గడచినకొలది చర్మము మరల సాగును. పిమ్మట గర్భము వచ్చినచో ఫలితము చెడవచ్చును. పాలిచ్చు శక్తియు దగ్గవచ్చును. అందుచేతనే సంతానము చాలుననుకొన్న పిమ్మట, బిడ్డ పాలు మఱచి కొన్నినెలలు గడచిన తరువాత, బరువు నిలకడగా నున్నప్పుడు దీనిని జేయించుకొనుట యుచితము.

ఈ చికిత్స గోరువారిని నిందించుట నా యుద్దేశము కాదు. బరువు మిక్కిలి తగ్గినవారికి వ్రేలాడు చర్మము క్రింద నొరపిడియు, పుండ్లును గలుగుట గలదు. తన దేహమును గూర్చి తాను నిర్ణయించుకొను హక్కు స్త్రీదే. అయితే వైద్యుని ముందు నోరువిప్పి యడుగుడు: “తమరు ప్లాస్టిక్ సర్జరీలో శిక్షణ పొందినవారేనా? నాది యే మెట్టు? ఎచ్చట గోయుదురు? లేసరుతో జేయు పని యేది, కత్తితో జేయు పని యేది? తేడా వచ్చినచో మరల జూచువారెవరు?” వీనికి సూటిగా బదులీయనిచోట నిలువవలసిన పని లేదు.

ఆ యువతికి నేనివన్నియు జెప్పితిని. ఆమె కొంతసే పూరకుండెను. ఇంతలో బిడ్డ యేడ్చుటయు, ఆమె ఫోను నవతల బెట్టి, పైట కప్పుకొని, పాలీయ నారంభించెను.