మేకపోతు కొండ ఎక్కే బండి

కొండ మీదికి రోడ్డు అనగానే మనకు ఘాట్ రోడ్డు గుర్తొస్తుంది. అది మలుపులు తిరుగుతూ, దూరం పెంచుకుంటూ, వాలు తగ్గించుకుంటూ పైకి పోతుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, డార్గో అనే చిన్న ఊరికి చేరువలో ఉన్న ఒక దారి మాత్రం అలాంటిది కాదు. దాని పేరు ‘బిల్లీ గోట్ బ్లఫ్ ట్రాక్’. బిల్లీ గోట్ అంటే మేకపోతు, బ్లఫ్ అంటే నిటారుగా ఉండే కొండకొమ్ము. ఈ దారి వొన్నంగట్టా నది లోయలో మొదలై, కొండ వెన్ను పట్టుకుని పైకి పోతుంది. పొడవు 10 కిలోమీటర్లు కూడా లేదు కానీ ఎత్తు దాదాపు 1000 మీటర్లు పెరుగుతుంది. తారు ఉండదు, అంతా రాళ్లూ మట్టే. పైన పినకిల్స్ శిఖరం మీద, అడవిలో ఎక్కడైనా నిప్పు అంటుకుంటే పొగను కనిపెట్టే కాపలా గది ఉంది.

ఇక్కడికి ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలి. మామూలు కారులో ఇంజను రెండు చక్రాలనే తిప్పుతుంది. వాటి కింద రాళ్లు జారితే బండి ముందుకు కదలదు. ఫోర్ వీల్ డ్రైవ్‌లో నాలుగు చక్రాలూ తిరుగుతాయి. పైగా ‘లో రేంజ్’ గేర్లు ఉంటాయి. వాటిలో చక్రం వేగం తగ్గి, తిప్పే బలం పెరుగుతుంది. గేర్ల సైకిలు మీద ఎత్తు ఎక్కేటప్పుడు మీరు చేసేదీ ఇదే.

బయలుదేరే ముందు టైర్లలో గాలి కొంత తగ్గిస్తారు. అప్పుడు టైరు కాస్త పరుచుకుని నేలను బాగా పట్టుకుంటుంది. తిరిగి తారు రోడ్డు చేరగానే గాలి నింపుకోవాలి. లేకపోతే వేగంగా పోయేటప్పుడు టైరు వేడెక్కి పాడవుతుంది.

ఎక్కడం కన్నా దిగడమే కష్టం. బ్రేకు అదేపనిగా తొక్కితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని బండి జారిపోతుంది. అందుకే అతి చిన్న గేరు వేసి, ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచేలా నెమ్మదిగా దిగుతారు.

ఎక్కుతూ మధ్యలో ఇంజను ఆగిపోతే? బండిని పక్కకు తిప్పకూడదు. వాలుకు అడ్డంగా నిలిచిన బండి బోర్లా పడే ప్రమాదం ఉంది. రివర్స్ గేరులో, వచ్చిన దారినే తిన్నగా వెనక్కి దిగాలి. ఇరుకు చోట ఎదురుబదురైతే దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వడం మర్యాద. ఎందుకంటే ఎత్తు మీద ఒకసారి ఆగిన బండిని మళ్లీ కదిలించడం కష్టం.

ఏటా జూన్ నడిమి నుంచి అక్టోబరు చివరి దాకా, సాధారణంగా ఈ దారి మూసేస్తారు. తడి నేల మీద చక్రాలు తిరిగితే గాళ్లు పడతాయి. వాన నీరు వాటి వెంట పారి, కొండ మట్టిని నదిలోకి మోసుకుపోతుంది. దారి మూస్తే మనుషులూ క్షేమం, కొండా క్షేమం.

అమ్మకో నాన్నకో కొండ ప్రాంతానికి బదిలీ అయితే, ఈసారి ఘాట్ దిగేటప్పుడు డ్రైవరు చెయ్యి గమనించండి. మంచి డ్రైవరు ఏ గేరులో ఎక్కాడో దాదాపు ఆ గేరులోనే దిగుతాడు.